వేసవి సెలవుల్లో వైజాగ్: హోటల్ ఎక్కడ తీసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసింది మొదలు జూన్ రెండో వారం దాకా వైజాగ్‌లో ఉండేవాళ్ళకు చుట్టాల ఫోన్లు వస్తూనే ఉంటాయి. “పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు వద్దామనుకుంటున్నాం, హోటల్ ఎక్కడ తీసుకోమంటారు?” అని. హోటల్ పేరు చెప్పడం తేలికే, కానీ ఇవాళ బాగున్న హోటల్ వచ్చే ఏడు బాగుంటుందన్న నమ్మకం లేదు. ఏరియాలు మాత్రం మారవు. అందుకే ఇక్కడ ఏ హోటల్ పేరూ రాయలేదు. ఊళ్ళో ఏ మూల ఉంటే ఎవరికి సుఖమో, బుక్ చేసే ముందు ఏమేం అడగాలో రాశాను.

అసలు ఏ ఏరియాలో ఉంటే మంచిది?

ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: మధ్యాహ్నం మనం ఎక్కడ ఉంటాం?

వైజాగ్‌లో వేసవి ఎండ థర్మామీటర్‌లో 35, 36 డిగ్రీలే చూపించొచ్చు. ఒంటికి తెలిసేది వేరు. సముద్రం పక్కన ఉక్క ఎక్కువ, చెమట ఆరదు. పదకొండు దాటాక పిల్లలు నడవలేరు, పెద్దవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. సాయంత్రం నాలుగున్నర, ఐదుకు గాలి తిరిగాక మళ్ళీ ఊరు హాయిగా ఉంటుంది. కాబట్టి వేసవిలో ఇక్కడ రోజు రెండు ముక్కలవుతుంది. ఉదయం ఆరు నుంచి పది దాకా ఒకటి, సాయంత్రం ఐదు నుంచి రాత్రి దాకా ఇంకొకటి. మధ్యలో గదికి వచ్చి స్నానం చేసి, భోంచేసి, ఓ కునుకు తీయగలిగితే సెలవు సెలవులా ఉంటుంది. గది దూరమైతే ఆ మధ్యాహ్నం ఏ షాపింగ్ మాల్‌లోనో బెంచీ మీద గడుస్తుంది.

చలికాలంలో వచ్చేవాళ్ళు పొద్దున బయటికెళ్తే రాత్రికే తిరిగొస్తారు, వాళ్ళకు హోటల్ ఎక్కడున్నా ఒకటే. వేసవిలో రోజుకు రెండుసార్లు గదికి వస్తారు. అందుకే గది పెద్దదా చిన్నదా అన్నదానికంటే ఎక్కడుందన్నదే ముఖ్యమని నేను గట్టిగా చెప్తాను. మీరు ఎక్కువగా తిరిగే చోటికి పది, పదిహేను నిమిషాల్లో చేరగలిగే హోటల్ మీకు సరైనది. చాలామందికి అది ఆర్కే బీచ్, సిరిపురం, ఆర్టీసీ కాంప్లెక్స్ మధ్యలో ఎక్కడో ఒకచోట పడుతుంది.

అయితే బీచ్ రోడ్డు మీదే, సముద్రం ఎదురుగా తీసుకోమంటారా?

డబ్బుకు ఇబ్బంది లేకపోతే తీసుకోండి. పొద్దున్నే లేచి రోడ్డు దాటితే ఇసుక. తెల్లవారుజామున నడిచేవాళ్ళ కోసం ఆర్కే బీచ్ దగ్గర కొంత మేర వాహనాలు ఆపేస్తారు, అప్పుడు పిల్లలతో ఆ రోడ్డు మీద నడవడం చాలా బాగుంటుంది. కాళీమాత గుడి, కురుసుర జలాంతర్గామి మ్యూజియం, దానికి ఎదురుగా టీయూ-142 విమానం, 1971 యుద్ధ స్మారకం, విశాఖ మ్యూజియం, అన్నీ ఆ రోడ్డు మీదే. సాయంత్రం మురీ మిక్చర్ తింటూ కూర్చుని, చీకటి పడ్డాక నడిచే గదికి వచ్చేయొచ్చు.

కానీ ఎదురుగా ఉన్న గదికి పెట్టే అదనపు డబ్బు అందరికీ అవసరం లేదు. వెనక రెండు మూడు వీధులు, అంటే పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, చినవాల్తేరు వైపు చూడండి. నడకదూరంలోనే బీచ్ ఉంటుంది, రాత్రి హారన్ల గోల తక్కువ. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. సిరిపురం, వాల్తేరు అప్‌ల్యాండ్స్ ఎత్తు మీద ఉంటాయి. బీచ్‌కు దిగేటప్పుడు సరదాగానే ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆటో ఎక్కాల్సిందే. మ్యాప్ ఈ ఎత్తుపల్లాలు చూపించదు.

“సీ వ్యూ” అని రాసి ఉంటే నమ్మొచ్చా?

అడిగి నమ్మండి. కిటికీ లోంచి నేరుగా సముద్రం కనిపించే గది వేరు, బాల్కనీలో పక్కకు వంగితే రెండు బిల్డింగుల మధ్య నీలం గీత కనిపించే గది వేరు. రెండోదాన్ని పార్షియల్ సీ వ్యూ అంటారు, రేటు మాత్రం దాదాపు మొదటి దానిలాగే ఉంటుంది. ఫోన్ చేసి “ఎన్నో అంతస్తు, కిటికీ ఎటు వైపు, మధ్యలో ఏదైనా బిల్డింగ్ ఉందా?” అని అడగండి. బుక్ చేసే యాప్‌లో హోటల్ వాళ్ళు పెట్టిన ఫోటోలు కాకుండా, బస చేసి వెళ్ళినవాళ్ళు పెట్టిన ఫోటోలు చూడండి. అవి కూడా గత ఆరు నెలల్లోవి. ఉప్పుగాలికి ఏసీలు, కిటికీ ఫ్రేములు, కుళాయిలు తొందరగా తుప్పు పడతాయి కాబట్టి బీచ్ పక్క హోటళ్ళలో పాత ఫోటోలను లెక్కలోకి తీసుకోవద్దు.

“బీచ్‌కు ఒక కిలోమీటరు” అని ఉంది. ఏ బీచ్?

మంచి ప్రశ్న, చాలామంది అడగరు. వైజాగ్‌లో బీచ్ అంటే ఒక్కటి కాదు. ఆర్కే బీచ్, లాసన్స్ బే, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట, చివర భీమిలి దాకా తీరం పొడవునా బీచ్‌లే. అటు డాల్ఫిన్ నోస్ కొండ దాటితే యారాడ. హోటల్ పేజీలో ఏ బీచ్ అని రాయకపోతే మ్యాప్‌లో మీరే చూసుకోవాలి. చూసేటప్పుడు రెండు చుక్కల మధ్య గీత దూరం కాకుండా, నడక దారి పెట్టి ఎన్ని నిమిషాలో చూడండి. కారు దారి పెట్టి సాయంత్రం ఆరు గంటల సమయానికి ఎంత పడుతుందో కూడా చూడండి. హోటల్ పేరులో “బీచ్” అన్న మాట ఉన్నంత మాత్రాన అది బీచ్ దగ్గరుందని కాదు.

రైల్వే స్టేషన్ దగ్గర హోటళ్ళు చవకగా కనిపిస్తున్నాయి. తీసుకోవచ్చా?

ఒక్క రాత్రికైతే తీసుకోవచ్చు. మూడు, నాలుగు రోజుల సెలవుకు నేను సలహా ఇవ్వను. స్టేషన్ నుంచి ఆర్కే బీచ్‌కు దాదాపు ఐదు కిలోమీటర్లు. రోజుకు రెండుసార్లు పోయి రావాలంటే కుటుంబానికి ఆటో ఖర్చులు లెక్కేసుకోండి, గది మీద మిగిలిందనుకున్నది అక్కడ పోతుంది.

తీసుకుంటే మాత్రం స్టేషన్‌కు ఏ వైపో చూసుకోండి. ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం బయట దొండపర్తి, రైల్వే న్యూ కాలనీ వైపు ఒక ప్రపంచం. వెనక గేటు బయట జ్ఞానాపురం ఇంకో ప్రపంచం. మ్యాప్‌లో రెండూ స్టేషన్ పక్కనే కనిపిస్తాయి, సామాన్లతో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు వెళ్ళాలంటే మాత్రం చుట్టు తిరగాలి. జ్ఞానాపురం వైపు పోర్టు దుమ్ము కూడా ఎక్కువ. ఆస్తమా ఉన్నవాళ్ళు ఉంటే ఆ వైపు వద్దు.

ఆర్టీసీ కాంప్లెక్స్, జగదాంబ, డాబాగార్డెన్స్ ఎలా ఉంటాయి?

మధ్యతరగతి కుటుంబానికి, అందులోనూ సొంత కారు లేనివాళ్ళకు, నా ఓటు ఇక్కడికే. ద్వారకా బస్‌స్టేషన్ అన్న పేరు బోర్డు మీద ఉంటుంది, ఊళ్ళో ఎవరినడిగినా కాంప్లెక్స్ అంటారు. అక్కడి నుంచి సింహాచలం, రుషికొండ, భీమిలి, గాజువాక, అన్ని వైపులకూ బస్సులున్నాయి. స్టేషన్, బీచ్ రెండూ రెండు మూడు కిలోమీటర్లలోనే. టిఫిన్ సెంటర్లు, భోజనం హోటళ్ళు, మందుల షాపులు నడకదూరం. జగదాంబ సెంటర్లో సాయంత్రం రద్దీ విపరీతం, రోడ్డు వైపు గది ఇస్తే నిద్ర పట్టదు. “వెనక వైపు గది ఇవ్వండి” అని ముందే చెప్పండి.

కేజీహెచ్, మహారాణిపేట, రామ్‌నగర్ వైపు హోటళ్ళలో ఆస్పత్రి పనుల మీద వచ్చినవాళ్ళు ఎక్కువగా దిగుతారు. గదులు శుభ్రంగానే ఉంటాయి, బీచ్ కూడా దగ్గరే, కానీ సెలవు వాతావరణం ఉండదు. డాక్టర్‌కు చూపించుకునే పని కూడా కలుపుకుని వచ్చేవాళ్ళకు అవి చాలా అనుకూలం.

రుషికొండ వైపు రిసార్టుల్లో ఉంటే?

మీరు ఊరు తిరగడానికి వస్తున్నారా, ఒకచోట కూర్చోవడానికా అన్నదాన్ని బట్టి. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు (శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. ఆర్కే బీచ్‌కంటే శుభ్రంగా, విశాలంగా ఉంటుంది. ఈత కొలను ఉన్న హోటల్ తీసుకుని, రెండు రోజులు కదలకుండా ఉండాలనుకునేవాళ్ళకు బాగుంటుంది. తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలు, భీమిలి ఆ వైపే. జూ కూడా ఎండాడ దగ్గర, ఆ వైపే.

కానీ ఆర్కే బీచ్ నుంచి అది దాదాపు పది కిలోమీటర్లు. రాత్రి తొమ్మిది దాటాక తిండికి హోటల్ రెస్టారెంట్ తప్ప పెద్దగా దిక్కుండదు. సింహాచలం, అరకు రైలు, నగరంలో షాపింగ్ మీ ప్లాన్‌లో ఉంటే రోజూ ప్రయాణాలతోనే సరిపోతుంది.

పిల్లలు సముద్రంలో దిగుతామంటారు. హోటల్ ఎదురుగా దిగొచ్చా?

ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోవడం వరకే. నీళ్ళలోకి వెళ్ళొద్దు. అక్కడ లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, రాళ్ళుంటాయి, వెనక్కి లాగే ప్రవాహం ఉంటుంది. ఎంత ఈత వచ్చినవాళ్ళయినా ఆ లాగుడుకు తట్టుకోలేరు. ప్రతి వేసవీ ఈ తీరంలో ప్రాణాలు పోతూనే ఉన్నాయి. లైఫ్‌గార్డులు విజిల్ వేస్తే వాదించకండి. రుషికొండలో ఈతకు గుర్తులు పెట్టిన చోట, గార్డులు ఉన్న సమయంలోనే దిగండి. పిల్లలకు నీళ్ళాట తప్పనిసరి అనుకుంటే చిన్న కొలను ఉన్న హోటల్ తీసుకోవడం నిజంగా తెలివైన పని.

మా రైలు తెల్లవారుజామున దిగుతుంది. గది పన్నెండింటికి ఇస్తామంటున్నారు. ఏం చేయాలి?

హైదరాబాద్ నుంచి వచ్చే కుటుంబాలకు ఇదే పెద్ద టెన్షన్. గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి రైళ్ళన్నీ తెల్లవారేసరికి విశాఖలో దింపేస్తాయి. ఇక్కడి హోటళ్ళలో రెండు పద్ధతులున్నాయి. కొన్నింటిలో పగలు పన్నెండుకు గది ఇచ్చి, ఖాళీ చేసే రోజు పన్నెండుకో పదకొండుకో తీసుకుంటారు. మిగతావి ఇరవై నాలుగు గంటల పద్ధతి: మీరు అడుగుపెట్టిన గంట నుంచి లెక్క. బుక్ చేసే ముందు ఏ పద్ధతో తప్పకుండా అడగండి.

ఉదాహరణకు మీరు శుక్రవారం పొద్దున ఆరింటికి దిగి, ఆదివారం సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో తిరుగు రైలు ఎక్కుతున్నారనుకోండి. ఇరవై నాలుగు గంటల హోటల్లో శుక్రవారం ఆరింటికే గదిలోకి వెళ్తే, ఆదివారం ఆరింటికి రెండు రోజులు అయిపోతాయి. ఆ తర్వాత రైలెక్కే దాకా ఉండాలంటే మూడో రోజు అద్దె. అదే మీరు స్టేషన్‌లోనే ముఖం కడుక్కుని, సామాను క్లోక్‌రూంలో పెట్టి, చల్లపూట ఆర్కే బీచ్‌లో తిరిగి, టిఫిన్ తిని పదిన్నరకు గదిలోకి వెళ్తే, ఆదివారం పదిన్నర దాకా గది మీదే. స్టేషన్ రిటైరింగ్ రూం దొరికితే ఇంకా మంచిది, టికెట్ పీఎన్ఆర్ నంబర్‌తో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. క్లోక్‌రూంలో పెట్టే సామాన్లకు తాళాలుండాలి, లేకపోతే తీసుకోరు.

పగలు పన్నెండుకు గది ఇచ్చే హోటల్లో పొద్దున్నే గది కావాలంటే ఎర్లీ చెక్ ఇన్‌కు సగం రోజు అద్దె అడగడం మామూలే. వేసవి రద్దీలో డబ్బిచ్చినా గది ఖాళీగా ఉండకపోవచ్చు, ముందురోజు వాళ్ళు పన్నెండు దాకా ఉంటారుగా. చంటిపిల్లలు ఉన్నవాళ్ళు ముందురోజు రాత్రి నుంచే బుక్ చేసుకోవడం మేలు. డబ్బు కొంచెం ఎక్కువైనా నిద్రలేని పిల్లతో రిసెప్షన్ సోఫాలో ఆరు గంటలు కూర్చోవడం తప్పుతుంది.

చివరి రోజు గది ఖాళీ చేశాక సామాను హోటల్ వాళ్ళు ఉంచుకుంటారా, స్నానానికి బాత్రూం ఇస్తారా అని కూడా అడగండి. చాలామంది సామాను ఉంచుకుంటారు.

అరకు కూడా వెళ్ళాలి. వైజాగ్‌లో గది అట్టే పెట్టుకోవాలా?

రోడ్డు మీద అరకు దాదాపు 115 కిలోమీటర్లు. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు పొద్దున ఏడు లోపే విశాఖ స్టేషన్‌లో బయల్దేరుతుంది. అద్దాల విస్టాడోమ్ పెట్టె టికెట్లు వేసవిలో చాలా ముందే అయిపోతాయి. హోటల్ కన్నా ముందు ఆ టికెట్ చూడండి, దాని తేదీని బట్టి మిగతాదంతా అమర్చుకోండి.

రుషికొండలో దిగినవాళ్ళు ఆ రైలు అందుకోవాలంటే ఐదు గంటలకే కారు కావాలి. అందుకని అరకు వెళ్ళే ముందు రాత్రి ఒక్కటి స్టేషన్ వైపుకో కాంప్లెక్స్ వైపుకో మారితే హాయి. అరకులో ఒక రాత్రి ఉండి వస్తే వైజాగ్ గదికి ఆ రాత్రి డబ్బు దండగ, ఖాళీ చేసి, పెద్ద సూట్‌కేసులు హోటల్‌లో వదిలి రెండు బ్యాగులతో వెళ్ళండి. తిరిగొచ్చి అదే హోటల్లో దిగుతామంటే సామాను ఉంచుకోవడానికి ఎవరూ కాదనరు.

ఇంకో మాట. కురుసుర మ్యూజియానికి, జూకీ సోమవారం సెలవు. మీ సెలవులో సోమవారం ఉంటే దాన్ని అరకుకో బొర్రా గుహలకో కేటాయించండి.

వేసవిలో ఏ తేదీల్లో గదులు దొరకవు?

వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ రోజు సింహాచలంలో చందనోత్సవం. ఏడాదంతా చందనంలో ఉండే వరాహ లక్ష్మీ నరసింహస్వామి నిజరూపం ఆ ఒక్క రోజే దర్శనమిస్తుంది. ఆ రోజుకు, ముందు రోజుకు ఊరంతా జనమే. దర్శనానికే వస్తే నెలల ముందు చూసుకోవాలి. సెలవుకు వస్తుంటే ఆ రెండు రోజులు తప్పించండి. ఏప్రిల్, మే నెలల్లో అది ఎప్పుడు పడుతుందో పంచాంగంలో చూసుకోండి. మంచి పెళ్ళి ముహూర్తాలున్న శని, ఆదివారాల్లో, ప్రవేశ పరీక్షల రోజుల్లో, మధురవాడ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ఉన్నప్పుడు కూడా రేట్లు పెరుగుతాయి. సోమవారం వచ్చి గురువారం వెళ్ళిపోయేలా ప్లాన్ చేస్తే అదే హోటల్ తక్కువకు దొరికే అవకాశం ఎక్కువ.

బుక్ చేసే ముందు ఫోన్‌లో ఏమేం అడగాలి?

అన్నిటికన్నా ముందు: కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాను, లైట్లేనా? “పవర్ బ్యాకప్ ఉంది” అన్న జవాబుతో ఆగకండి, ఏసీ నడుస్తుందా అని విడిగా అడగండి. మే నెల రాత్రి ఆ తేడా తెలుస్తుంది. తర్వాత నీళ్ళు రోజంతా వస్తాయా, స్నానం నీళ్ళు ఉప్పగా ఉంటాయా. లిఫ్ట్ ఉందా, అది నేల నుంచే మొదలవుతుందా, లేక మొదటి అంతస్తు దాకా మెట్లెక్కాలా. చాలా పాత హోటళ్ళలో కింద షాపులుండి, రిసెప్షన్ పైన ఉంటుంది. అమ్మానాన్నల్ని తీసుకొస్తుంటే బాత్రూంలో వెస్ట్రన్ కమోడ్, పట్టుకోవడానికి కడ్డీ ఉన్నాయా అన్నది గది రేటు కన్నా ముందు అడగాల్సిన విషయం.

పిల్లలకు ఎన్నేళ్ళ దాకా ఉచితం, అదనపు పరుపుకు ఎంత, ఆ పరుపు వాళ్ళకు కూడా టిఫిన్ కలిపే ఉందా అని అడగండి. టిఫిన్ కలిపిన రేటు కోసం మరీ వెంపర్లాడక్కర్లేదు. కాంప్లెక్స్, సిరిపురం చుట్టుపక్కల బయట ఇడ్లీ, పెసరట్టు బ్రహ్మాండంగా దొరుకుతాయి.

సొంత కారులో వస్తున్నాం. పార్కింగ్?

“పార్కింగ్ ఉంది” అంటే హోటల్ లోపలా, రోడ్డు పక్కనా అని అడగండి. జగదాంబ, డాబాగార్డెన్స్ సందుల్లో పెద్ద కారుకు కష్టం. కారులో వచ్చేవాళ్ళకు సిరిపురం, మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ వైపు బాగుంటుంది, హైవే దగ్గర, బీచ్ కూడా దూరం కాదు. విజయవాడ వైపు నుంచి వస్తే గాజువాక, ఎన్ఏడీ జంక్షన్ దాటే సమయం సాయంత్రం కాకుండా చూసుకోండి. డ్రైవర్‌ను తెచ్చుకుంటే ఆయన పడుకునే చోటు సంగతి ముందే మాట్లాడండి. రాత్రంతా కారులో ఉక్కలో పడుకున్న మనిషిని పొద్దున్నే అరకు ఘాట్ రోడ్డు ఎక్కమనడం న్యాయం కాదు, క్షేమమూ కాదు.

కారు లేకుండా తిరగడం కష్టమా?

కాదు. సిటీ బస్సులు బాగానే ఉన్నాయి, ఆటోలు, యాప్ క్యాబ్‌లు దొరుకుతాయి. 2025 ఆగస్టు నుంచి బీచ్ రోడ్డు మీద డబుల్ డెక్కర్ ఎలక్ట్రిక్ బస్సులు ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ వైపు నడుస్తున్నాయి, పిల్లలకు అదే ఒక సరదా. అదే నెలలో మొదలైన స్త్రీశక్తి పథకంలో సిటీ బస్సుల్లో మహిళలకు ఉచితం, అయితే ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. తెలంగాణ నుంచి వచ్చే అక్కచెల్లెళ్ళు టికెట్ తీసుకోవాలి.

యాప్‌లో కనిపించిన రేటు ఒకటి, కట్టమన్నది ఒకటి. ఎందుకు?

పన్ను కలపకుండా చూపిస్తారు కాబట్టి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. 7,400 గదికీ 7,600 గదికీ చివర్లో తేడా రెండు వందలతో ఆగదు, దాదాపు పన్నెండు వందలు అవుతుంది. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న గదులు చూసేటప్పుడు ఈ లెక్క వేసుకోండి. యాప్‌లో చూసిన రేటు చెప్పి హోటల్‌కు నేరుగా ఫోన్ చేస్తే కొన్నిసార్లు తగ్గిస్తారు.

నేరుగా మాట్లాడేటప్పుడు జాగ్రత్త. నెట్‌లో పెద్ద హోటళ్ళ పేరుతో దొంగ నంబర్లు, దొంగ సైట్లు తిరుగుతున్నాయి. “ఇప్పుడే మొత్తం డబ్బు ఈ క్యూఆర్ కోడ్‌కు పంపండి” అని తొందరపెడితే పంపొద్దు. బస చేసి వచ్చినవాళ్ళ బిల్లు మీద ఉన్న నంబర్ అన్నిటికన్నా నమ్మకమైనది.

ఎవరెవరి గుర్తింపు కార్డులు కావాలి? అమెరికా నుంచి వచ్చిన అక్కవాళ్ళు కూడా ఉంటారు.

పెద్దవాళ్ళందరివీ తెచ్చుకోండి, ఒక్కరిది చాలదు. ఆధార్ ఇవ్వడం ఇష్టం లేకపోతే డ్రైవింగ్ లైసెన్సో ఓటరు కార్డో ఇవ్వొచ్చు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళ వివరాలు హోటల్ వాళ్ళు ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. అందుకు పాస్‌పోర్టుతో పాటు వీసా గానీ ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు) గానీ ఉండాలి. చిన్న హోటళ్ళు కొన్ని ఆ పని చేయలేక విదేశీ పాస్‌పోర్టులు తీసుకోవు, కాబట్టి బుక్ చేసేటప్పుడే చెప్పండి. విశాఖ చిరునామా ఉన్న కార్డులు చూపిస్తే గది ఇవ్వని హోటళ్ళు కూడా కొన్ని ఉన్నాయి. ఇల్లు రిపేరులో ఉండి ఊళ్ళోనే హోటల్ తీసుకునేవాళ్ళు ముందే అడిగి తెలుసుకోవాలి.

మా రైలు విశాఖపట్నం స్టేషన్‌కు రాదట, దువ్వాడలో దిగమంటున్నారు. హోటల్ అక్కడే తీసుకోవాలా?

అక్కర్లేదు. విశాఖ స్టేషన్‌లోకి వచ్చిన రైలు ముందుకు సాగాలంటే ఇంజిన్ అటు నుంచి ఇటు మార్చాలి. ఆ సమయం మిగుల్చుకోవడానికి కొన్ని దూరప్రాంత రైళ్ళు ఊళ్ళోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్ళిపోతాయి. అక్కడి నుంచి నగరం మధ్యలోకి దాదాపు ఇరవై కిలోమీటర్లు. పగలైతే ఆటోలు, బస్సులు ఉంటాయి. అర్ధరాత్రి దిగేట్టయితే హోటల్ వాళ్ళనే కారు పంపమని ముందురోజు మాట్లాడుకోండి. తిరుగు ప్రయాణం కూడా దువ్వాడ నుంచే అయితే రైలు టైముకు కనీసం గంటన్నర ముందు హోటల్లో బయల్దేరాలి.